శనివారం తోటలో గాసి

నేను అరకు మిషన్ బడిలో తెలుగు టీచరుగా చేరింది తొంభై ఆరు జూన్‌లో. మాది పాచిపెంట. కొండలు నాకు కొత్త కాదు గానీ, ఒక గదిలో ఒక్కదాన్నే ఉండడం కొత్త. శనివారం ఒంటిపూట బడి అయిపోయాక ఏం చెయ్యాలో తోచేది కాదు. బట్టలు ఉతికి ఆరేసి, కిటికీ దగ్గర కూర్చుని, ముసురు పట్టిన కొండల్ని చూస్తూ అమ్మ గుర్తొచ్చి ఏడ్చేదాన్ని. మిషన్ ఆస్పత్రి నర్సు అంతోనమ్మగారు ఓసారి నన్నలా చూసి, "ఏడవడానికైనా చేతిలో పనుండాలి మెర్లిన్, రా" అని తోటకి తీసుకెళ్ళారు.

ఆ తోట చర్చి వెనక, బజారుకీ రైలు కట్టకీ మధ్య ఉన్న ఎకరన్నర నేల. అంతకుముందు బజారు చెత్తంతా అక్కడే పోసేవారట. ఒంట్లో రక్తం లేని పిల్లల్ని రోజూ చూసి చూసి విసిగిపోయిన అంతోనమ్మగారు ఫాదరుగారిని అడిగి ఆ నేల బాగుచేయించారు. పద్ధతి చాలా తేలిక. శనివారం మధ్యాహ్నం ఎవరైనా రావచ్చు. కూలి లేదు. పని చేసినవాళ్ళు తోటకూరో, ఆనపకాయో పట్టుకెళ్ళొచ్చు. సాయంత్రం మాత్రం అందరూ అక్కడే, ఒకే గుండిగలో వండింది కలిసి తినాలి. రైలు క్వార్టర్ల ఆడవాళ్ళు, టీకొట్ల వాళ్ళు, హాస్టలు ఆయాలు, హుకుంపేట వైపు నుంచి వచ్చి బజారు వెనక అద్దెకుంటున్న కూలీలు వచ్చేవారు. అందరం దాన్ని శనివారం తోట అనేవాళ్ళం.

గాసిని నేను మొదట చూసింది తోట బయట. అరవైకి దగ్గర పడిన మనిషి, బక్కపలచగా, మెడ మీద బస్తాలు మోసిన కాయ ఒకటి. రైల్వే గూడ్స్ షెడ్డులో రోజుకూలికి బస్తాలెత్తే కలాసీ పని చేసేవాడు. పెళ్ళాం ఎప్పుడో మలేరియాతో పోయింది, పిల్లల్లేరు. మూడు శనివారాలు వరసగా వచ్చి, కంచె అవతల ఒక బండ మీద కూర్చుని, మేం తవ్వుతుంటే చూసి, చీకటి పడకముందే లేచి వెళ్ళిపోయాడు. నాలుగో వారం అంతోనమ్మగారు గునపం పట్టుకునే కంచె దగ్గరికి వెళ్ళారు.

"ఏటి తాతా, పెతివారం సూసి ఎల్లిపోతన్నావు? లోపలికి రా."

"నాకు బూమి లేదు తల్లీ."

"ఇక్కడ ఎవలికుంది?"

గాసి బండ మీంచి లేచాడు. తర్వాత కంచె దాటి వచ్చి, ఆవిడ చేతిలో గునపం తీసుకున్నాడు. ఆ రోజు సాయంత్రం అన్నానికి ఉండమంటే ఉండలేదు. పై వారం ఉన్నాడు.

మేం తాడు కట్టి, గీత గీసినట్టు వంకాయ నారు వేసేవాళ్ళం. గాసి తనకిచ్చిన మడిలో మా వైపు చోడి అనే రాగి, కంది, చిక్కుడు, గుమ్మడి అన్నీ కలిపి చల్లేశాడు. నాకు నవ్వొచ్చింది.

"అన్నీ ఒకదాంట్లోనే ఏంటి తాతా?"

"ఒకటి పోతే ఒకటి ఉంతాది టీచరమ్మా."

ఆ ఏడు సెప్టెంబరులో పది రోజులు విడవకుండా వాన పడి మా వంకాయ నారంతా కుళ్ళిపోయింది. గాసి మడిలో చోడి పడిపోయింది గానీ కందీ గుమ్మడీ నిలబడ్డాయి. ఆ తర్వాత మేమందరం అతని వెనక నడిచాం. ఎక్కడ గట్టు వెయ్యాలో, ఏ రాయి తియ్యకూడదో అతనే చెప్పేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. పాదంతో మట్టిని ఒకసారి నొక్కి చూసి, "ఇక్కడ" అనేవాడు.

సాయంత్రం గుండిగ చుట్టూ కూర్చున్నప్పుడు మాత్రం అతనికి మాట వచ్చేది. అడ్డాకులో గుమ్మడికాయ కూర, ఎండు చేపలు, చోడి అంబలి. ఫాదరుగారు వచ్చి ప్రార్థన చేసేవారు. ఆ పక్కనే గాసి రెండు మెతుకులు నేలకి పెట్టేవాడు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. తిన్నాక, తన ఊరిలో విత్తనాల రోజులు ఎలా ఉండేవో చెప్పేవాడు. ఈ రోజు ఊరంతా ఒకరి పొలంలో, రేపు ఊరంతా ఇంకొకరి పొలంలో. ఎవరి పొలంలో పని జరిగితే వాళ్ళింట్లో అందరికీ తిండి. మగవాళ్ళు డప్పు వాయిస్తే ఆడవాళ్ళు వరస కట్టి ఆడుతూ ఇళ్ళకొచ్చేవారట.

"ఇలాగే ఉండేది. శనివారం ఒక్కటే కాదు, రోజూ శనివారమే," అన్నాడు ఒకసారి.

"ఆ ఊరెక్కడ తాతా?" అని అడిగాను.

"నీల్ల కింద."

ఒరిస్సా సరిహద్దులో ఏటి మీద ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలో అతనిది ఒకటి. అంతకుమించి చెప్పలేదు. తొంభై ఏడు చలికాలంలో ఒక శనివారం, పక్క ఇంటి మేకపిల్ల ఒకటి కంచె సందులోంచి దూరి చిక్కుడు తీగలు లాగేసింది. నేను కర్ర పట్టుకుని వెంటపడ్డాను. గాసి దాన్ని పట్టుకుని, ఎత్తుకుని, బయట వదిలి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళిస్తే తాగి, అప్పుడు చెప్పాడు.

అతనికి పద్నాలుగేళ్ళప్పుడు నీళ్ళొచ్చాయి. ఇంట్లో అమ్మ, నాన్న, ఐదేళ్ళ చెల్లెలు సోని. ఆ ముందు ఏడు, సోనిని చూస్తూ ఉండమని అమ్మ పొలానికి వెళ్తే, గాసి ఈతకెళ్ళాడు. మేకపిల్ల సోని చెవి రింగుని ఆకు అనుకుని నోట పట్టి లాగింది. ఎడమ చెవి తమ్మె తెగిపోయింది. తర్వాత ఊరు చెదిరింది. ఒక్కో ఇల్లు ఒక్కో కొండకి. కొండెక్కిన మొదటి వానల్లోనే నాన్న జ్వరంతో పోయాడు. తిండి లేదు. అవతలి గట్టున ఉన్న మేనత్త దగ్గర సోనిని వదిలి, "పంట వొచ్చినాక తీసుకెల్తాం" అని చెప్పి, అమ్మా అతనూ పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. పంట రాలేదు. దొరికిన కూలి పనల్లా చేశారు. మూడేళ్ళకి గాసి తిరిగి వెళ్తే మేనత్త ఊరు కూడా అక్కడ లేదు. నీళ్ళు ఇంకా పైకి వచ్చాయి. వాళ్ళెటు పోయారో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత రైలు కట్ట పని పడింది. ఆ పనిలోనే అమ్మ పోయింది.

"మాయమ్మ సచ్చినప్పుడు నన్నడిగింది, గుంట ఎక్కడుందిరా అని. ఉంది లెయ్యే, మేనత్త కాడ బాగుంది అన్నాను," అన్నాడు గాసి.

ఆ మాట విన్నది నేనూ, అంతోనమ్మగారూ, ఇంకా ధర్మ. ధర్మ సర్వీసు జీపు డ్రైవరు. వారంలో ఒక్కో రోజు ఒక్కో సంతకి జనాన్ని చేరవేసేవాడు. శనివారం మధ్యాహ్నం బండి ఖాళీగా ఉంటే తోటకి వచ్చి నీళ్ళు మోసేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి అప్పటికి. అన్నీ విని ధర్మ అన్నాడు: "సంతలో సెప్తే గాలి కంటే బేగి ఎల్తాది తాతా. నాను సెప్తాను."

అలా మొదలైంది. ధర్మ ఎక్కించుకున్న ప్రతి మనిషికీ చెప్పేవాడు. ఎడమ చెవి తమ్మె తెగిన సోని, యాభై ఏళ్ళ మనిషి, మేనత్త పెంచింది. అంతోనమ్మగారు ఒరిస్సా వైపు మిషన్ ఆస్పత్రులకి ఉత్తరాలు రాయించారు. ఆ ఉత్తరాలు రాసింది నేనే. తోటకి ఎవరు కొత్తగా వచ్చినా గాసి ముందు వాళ్ళ ఊరు అడిగేవాడు, తర్వాత చెవి సంగతి అడిగేవాడు.

తొంభై ఎనిమిదిలో పాడువా సంతలో అలాంటి మనిషి ఉందని కబురొచ్చింది. గాసి కొత్త పంచె కట్టుకుని ధర్మ జీపులో వెళ్ళాడు. మర్నాడు వచ్చాడు.

"నాకంటే పెద్దది టీచరమ్మా. డెబ్బై ఉంతాయి. సెవి తెగింది నిజమే. పాపం, కూకోబెట్టి జావ పోసింది."

ఇంకో ఏడాదికి మరో సోని దొరికింది. ఆమెకి రెండు చెవులూ బాగానే ఉన్నాయి. ఆ రెండోసారి వచ్చాక గాసి కొన్నాళ్ళు ఎవరినీ ఏమీ అడగలేదు. కానీ సాయంత్రం అందరూ తినేటప్పుడు, రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడైతే తల అటే తిరిగేది. ముద్ద చేతిలోనే ఉండిపోయేది. నాకు అది చూడ్డం కష్టంగా ఉండేది. నాకు మా అమ్మ ఉత్తరం రావడం పది రోజులు ఆలస్యమైతేనే అన్నం సహించేది కాదు. అతను యాభై ఏళ్ళుగా అలా తింటున్నాడు.

రెండు వేల ఒకటి అక్టోబరులో ధర్మ బజారులోంచి తిన్నగా మా బడికే వచ్చాడు. నన్ను క్లాసులోంచి బయటికి పిలిచి, "దొరికింది," అన్నాడు. ఒరిస్సా సరిహద్దులోని ఒనకఢిల్లీ సంతలో పసుపు అమ్ముతోందట. పేరు సోని. చెవి తెగింది. మేనత్త పెంచింది. అన్న ఉండేవాడని తెలుసు.

"మరి తాతకి చెప్పావా?"

"బయ్యంగా ఉంది టీచరమ్మా. నువ్వు రా."

గూడ్స్ షెడ్డుకి ఇద్దరం వెళ్ళాం. గాసి బస్తా దించి, విని, మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు. అది లోపల పెట్టి వచ్చి కూర్చున్నాడు. వెళ్దామంటే తల అడ్డంగా ఊపాడు.

"ఎల్లి ఏటంటాను? వొదిలేసి ఎల్లిపోయినోన్ని నానే కదా."

ఎంత చెప్పినా కదల్లేదు. చివరికి అంతోనమ్మగారు ఒక దారి తీశారు. నవంబరు చివర తోటలో కొత్త పంట తినే రోజు ఉంది, ఆ రోజుకి సోనినే పిలుద్దాం, రావాలనుంటే వస్తుంది అన్నారు. ధర్మ వెళ్ళి చెప్పాడు. వస్తానందట. ఇంకేమీ అడగలేదట.

ఆ శనివారం తోటకి వంద మంది దాకా వచ్చారు. గాసి పొద్దున్నే స్నానం చేసి వచ్చి, కొడవలి పట్టుకుని చోడి మడిలో దూరాడు. కోసిన చోటే మళ్ళీ కోస్తున్నాడు. రెండు గంటలకి జీపు వచ్చింది. ముందు ఒక పాతికేళ్ళ కుర్రాడు దిగాడు, సోని కొడుకు. తర్వాత సోని. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి, పసుపు మోసి మోసి వేళ్ళు పచ్చబడిపోయాయి. అందరి మొహాలూ చూసింది. ఎవరూ చూపించక్కర్లేకుండానే మడిలోకి నడిచి, గాసికి బారెడు దూరంలో ఆగింది.

గాసి వాళ్ళ చిన్నప్పటి భాషలో ఏదో అన్నాడు. కొండల్లో మాట్లాడే ఒరియా అది. రెండు మాటలన్నాక మూడోది దొరకలేదు. తెలుగులోకి పడిపోయాడు. సోనికి తెలుగు సంత తెలుగు.

"నీ మాట తెలుగైపోయింది," అంది ఆమె.

"అవును."

"బతికున్నావు."

"అవును."

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. గాసి మొదలుపెట్టాడు. ఏరు, ఏటి పక్కన ఇల్లు, ఇంటి వెనక పనస, అమ్మ ఎత్తుకుంటే సోని ఎలా జుట్టు పట్టుకునేదో, నాన్న భుజం మీద కూర్చుని సంతకెళ్ళేదో, మేకపిల్ల. ఒక్కొక్కటీ చెప్పి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. సోని చాలాసేపు విని, నెమ్మదిగా అంది.

"నాకేటీ గురుతు లేదు అన్నా. అమ్మ మొకం కూడా లేదు."

గాసి చేతిలో కంకి నలిగిపోయింది. సోనికీ అది కనిపించినట్టుంది. తనే మళ్ళీ మాట్లాడింది. రైలు కట్ట పనిలో అమ్మ పోయిందని, సొరంగంలో రాళ్ళు పడి అన్న కూడా పోయాడని ఎవరో మేనత్తకి చెప్పారట. అప్పటి నుంచీ ఏటా పెద్దలకి పెట్టేటప్పుడు అమ్మ, నాన్నల పేర్లతో పాటు గాసి పేరు కూడా పిలిచి ఒక ఆకు వేసేదట.

"నాకా?"

"నీకే. ఏ ఏడూ మానలేదు."

"ఏటెట్టేదానివి?"

"సామన్నం. ఎండు సేప."

గాసి ఆమె వంకే చూస్తూ, "మంచి కూడే ఎట్టినావు," అన్నాడు. సోని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను అక్కణ్ణుంచి లేచి గుండిగ దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు థింసా ఆటకి వరస కట్టారు. సోని వరసలో కలిసింది. గాసి ఆడలేదు, డప్పు వాయించేవాళ్ళ పక్కన నిలబడి చూశాడు. మర్నాడు ఉదయం సోని వెళ్ళేటప్పుడు, "నా ఇంటికి రా అన్నా. ఇక్కడ నీకెవలున్నారు? నా కొడుకు సూసుకుంతాడు," అంది. గాసి వారం రోజులు ఆలోచించి, గూడ్స్ షెడ్డు పని మానేసి వెళ్ళిపోయాడు. మేమందరం జీపు దాకా వెళ్ళాం. అంతోనమ్మగారు ఒక దుప్పటి ఇచ్చారు. అతనికి కావలసింది దొరికింది, ఇంక అడగడానికేముంది అనుకున్నాం. అయినా ఆ డిసెంబరంతా తోటలో ఏ పని మొదలుపెట్టినా అతని మడి వైపు చూసి ఆగేవాళ్ళం.

మార్చిలో ఒక శనివారం నేను తోటకి వెళ్ళేసరికి గాసి గుమ్మడి పాదులు తవ్వుతున్నాడు. పక్కన అంతోనమ్మగారు ఎప్పటిలాగే పెంట మట్టి అందిస్తున్నారు. నేనే ఆగలేకపోయాను.

"ఏమైంది తాతా? సరిగా చూళ్ళేదా?"

"రాజు లాగ సూసినారు. పని సెయ్యనివ్వలేదు. పెద్దోడివి, కూకో అంటారు. కూకుని తినడం నాకు సేత కాలేదు."

గునపం పక్కన పెట్టి ఇంకా చెప్పాడు. సోని ఇల్లు కొండ వాలులో ఉంది. గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఆ జలాశయమే. పొద్దున్న లేస్తే అదే. సోని అక్కడ బట్టలు ఉతుకుతుంది, మేనల్లుడు చేపలు పడతాడు. వాళ్ళకి అది నీళ్ళు.

"దాని తప్పేటి? అది పుట్టి కల్లు తెరిసినాక సూసింది నీల్లే. నాకు అడుగున ఇల్లు కనిపిస్తాది. నాను సెప్తే అది ఇంటాది. ఇని, సరే అన్నా, తిను అంటాది." మళ్ళీ గునపం అందుకుని, "శనివారం వొచ్చిందంటే తెల్లారకముందే మెలకువొచ్చీది టీచరమ్మా. ఈపాటికి నీల్లు మోస్తుంతారు, ఈపాటికి పొయ్యి ఎలిగిస్తారు అనుకునీవాన్ని. సచ్చిన ఊరికి బెంగెట్టుకుంటే అరదముంది. ఇదేటో," అన్నాడు.

షెడ్డులో పని మళ్ళీ దొరకలేదు. తోట మూల ఒక పాక వేసి, ఫాదరుగారు అతన్ని కాపలాకి ఉంచారు. ఏటా కొత్త పంట రోజుకి సోని వచ్చేది, రెండు రోజులుండి వెళ్ళేది. ఎండాకాలంలో ఒక పది రోజులు గాసి అక్కడికి వెళ్ళేవాడు. వాళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పక్కపక్కనే కలుపు తీసేవారు. సోని ఏదైనా అడిగితే గాసి చెప్పేవాడు. ఒక ఏడు ఆమె తనంతట తనే, "ఆ పనస మల్లీ సెప్పు," అంది. గాసి మొదటిసారి చెబుతున్నట్టు చెప్పాడు.

రెండు వేల ఆరులో ఆడపిల్లల హాస్టలు కట్టడానికి ఆ నేల కావాలని కబురొచ్చింది. ఆ హాస్టలు కావాలని మా బడి వాళ్ళమే చాలా ఏళ్ళుగా అడుగుతున్నాం. ఎవరిని తిట్టుకోవాలో తెలీని కష్టం అది. రైలు కట్ట పక్కన పది బారల వెడల్పున్న ఒక పట్టీ మాత్రం మాకు మిగిలింది, అదీ రాళ్ళు. ఫాదరుగారు గాసికి చెప్పడానికి ఇబ్బంది పడుతుంటే, గాసే అడిగాడు.

"ఆడగుంటలకే కదా బాబూ?"

"అవును గాసీ."

"కట్టండి. మట్టి మాత్రం నాది."

మర్నాటి నుంచి ఒక్కడే తట్టతో పై మట్టి ఎత్తి ఆ రాళ్ళ పట్టీకి మోయడం మొదలుపెట్టాడు. పదేళ్ళు ఆకులూ పెంటా వేసి పెంచిన నల్లటి మట్టి. మేస్త్రీలు నవ్వారు. శనివారానికి మేమంతా వెళ్ళాం. వరసగా నిలబడి తట్టలు అందించుకున్నాం. ధర్మ జీపులో సీట్లు తీసేసి మట్టి నింపాడు. ఆ సంగతి ఎలా తెలిసిందో, సాయంత్రానికి సోని, కొడుకు, వాళ్ళ ఊరి వాళ్ళు నలుగురు వచ్చి దిగారు. గాసి వాళ్ళని చూసి తట్ట కింద పెట్టాడు. మొహం కడుక్కోవడానికని కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నాలుగు శనివారాలు మోశాం. హాస్టలుకి పునాది తియ్యడానికి వచ్చేసరికి అక్కడ ఎర్రమన్ను తప్ప ఏమీ లేదు.

ఆ పై జూన్‌లో నాకు పాచిపెంట బదిలీ అయింది. అమ్మ దగ్గరికి వచ్చాను, ఇన్నేళ్ళు కోరుకున్నదే. ధర్మ సాలూరు వైపు వచ్చినప్పుడు కనిపించి కబుర్లు చెబుతాడు. తోటకి ఇప్పుడు పది పన్నెండు మందే వస్తున్నారట. అంతోనమ్మగారికి మోకాళ్ళ నొప్పులట, కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారట. గాసి పట్టీ పొడుగునా కంది వేశాడట. సోనికి ఈ ఏడు ఒంట్లో బాలేదని తెలిసి చూడ్డానికి వెళ్ళాడు, ఇంకా రాలేదు. వస్తాడో, అక్కడే ఉంటాడో ధర్మ చెప్పలేకపోయాడు.

ఇక్కడా శనివారం ఒంటిపూట బడే. పిల్లలు వెళ్ళిపోయాక అమ్మ అన్నం పెట్టి పిలుస్తుంది. నేను వినిపించుకోనట్టు ఇంకాసేపు వరండాలో నిలబడతాను.